నాలుగో సంపుటం

1995 జూన్ 5. కోవిల్పట్టి.

ఎండ బాగుంది. మందులో ముంచిన అగ్గిపుల్లల చెక్క చట్టాలు మధ్యాహ్నానికే ఆరాయి. శివకాశి నుంచి లేబుళ్ళు ఇంకా రాలేదు.

విషయం: పెంగ్విన్. ఆరో సంపుటం.

ఏడు సంపుటాలూ గోడవారన నిలబెట్టాను. ముత్తులక్ష్మి కళ్ళు మూసుకుని ఒకదాన్ని లాగి, మందు లేని అగ్గిపుల్లను పేజీల అంచులోకి గుచ్చింది. పెళ్ళికి ముందు ఆరేళ్ళు మా అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలోనే చట్టాల్లో పుల్లలు పేర్చిన వేళ్ళు. చూడకుండానే సందు దొరుకుతుంది. పుల్ల దిగిన పేజీ ఆ సాయంత్రానికి మాది. నేను ఇంగ్లీషులో చదివి మా మాటల్లో చెబుతాను. విరుదునగర్‌లో పాత కాగితాల గోడౌనులో ఈ విజ్ఞాన సర్వస్వం దొరికి రెండేళ్ళయింది. ఒక్క సాయంత్రం తప్పలేదు. ఎనిమిది ఉండాలి. అయిదోది మొదటి నుంచీ లేదు.

మంచు ఖండంలో ఒక రకం పెంగ్విన్ ఉందట. ఆడది గుడ్డు పెట్టి సముద్రానికి పోతుంది. మగది ఆ గుడ్డును పాదాల మీద పెట్టుకుని, తిండి లేకుండా రెండు నెలలు చలిగాలిలో నిలబడుతుంది.

"రెండు నెల్లా? నువ్వు రేషన్ అంగడిలో అర్ధగంట నిలబడలేవే మామా."

"గుడ్డు చేతికిస్తే నిలబడతాను."

నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఊపిరి అందక గోడకు ఆనుకుంది. నిన్న మిద్దె మెట్ల మీద కూడా అంతే. నాలుగో మెట్టు మీద కూర్చుండిపోయింది.

జూన్ 9

మా ఫ్యాక్టరీ యజమాని, ముదలాళి పిలిచారు. "కణక్కయ్యా, కొత్త లేబులుకు బొమ్మ కావాల. పులి, ఏనుగు, నెమిలి, అన్నిట్నీ ఎవుడో ఒకడు వేసేసినాడు. నీ లావు పుస్తకంలో ఎవుడూ చూడని జంతువు యాదైనా వుండాదా?"

పెంగ్విన్ బొమ్మ ఉన్న పేజీని పల్చటి కాగితం మీద దించి ఇచ్చాను. ఫ్యాక్టరీలో రోజుకు ఎన్ని చట్టాలు ముంచారు, ఎన్ని ఆరాయి అని లెక్క రాసుకునే కణక్కయ్యకు ఇలాంటి పని ఎప్పుడో గాని రాదు. ముత్తుతో చెబితే, "నేను గుచ్చిన పుల్ల గదా, ముదలాళి నాకేమిస్తాడంట?" అంది.

జూన్ 14

విషయం: పరుగు పందేలు. ఒకటో సంపుటం.

ఈ పుస్తకం 1948లో అచ్చయింది. ఆ తరువాత ప్రపంచం చేసిన పనులను నేను మార్జిన్లో ఎర్ర ఇంకుతో దిద్దుతూ వస్తున్నాను. తప్పు మాట కింద గీత, పక్కన సరైన మాట, సంవత్సరం. ఎవరెస్టును ఎవరూ ఎక్కలేదని ఉంది, 1953. సిలోన్, 1972. సోవియట్ దేశం, 1991. ఇవాళ్టి పేజీలో, మైలు దూరాన్ని నాలుగు నిమిషాల లోపు పరుగెత్తడం మనిషి ఒంటికి కుదిరే పనిలా లేదని రాశారు. దాని పక్కన నా దిద్దుబాటు ముందే ఉంది: 1954లో ఒకతను పరుగెత్తాడు.

ఆ కథే ముత్తుకు చెప్పాను. ఒళ్ళు ఏం చేయగలదో పుస్తకానికి తెలియలేదని.

"నువ్వు దిద్దినావు గదా, ఇంగ సరిగ్గా వుంటుంది" అంది.

జూన్ 19

పగలు సెలవు పెట్టి ముత్తును డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన చాలాసేపు గొట్టం పెట్టి విన్నారు. ఎడమ వైపు పడుకోబెట్టి మళ్ళీ విన్నారు. చిన్నప్పుడు కీళ్ళు వాచి జ్వరం వచ్చిందా అని అడిగారు. వచ్చిందని ముత్తు చెప్పింది. నాకు గుర్తు లేదు.

గుండెలో ఒక తలుపు ఇరుకైపోయిందట. సరిగా తెరుచుకోవడం లేదట. ఇంగ్లీషులో చీటీ రాసిచ్చి, "మదురైలో చూపించండి, ఆలస్యం చేయకండి" అన్నారు. "ఏదైనా అడగాలా?" అన్నారు.

లేదన్నాను.

అడగవలసినవి చాలా ఉన్నాయి. కుర్చీలో అంత దగ్గరగా కూర్చున్న మనిషిని, వెనక అంతమంది వేచి ఉండగా, ఏ మాటతో మొదలుపెట్టి అడగాలో తోచలేదు. చదువుకున్నవాడిని అనుకుని ఆయన చీటీ నా చేతికే ఇచ్చారు. దాని అర్థం అడిగితే ఏమనుకుంటారు.

ఇంటికి వచ్చి పుస్తకం చూశాను. చీటీ మీద ఉన్న ఇంగ్లీషు మాట అక్షర క్రమంలో అయిదో సంపుటంలో ఉండాలి. అది లేదు. నాలుగో సంపుటంలో 'గుండె' చూశాను. రెండు పేజీలు, ఒక బొమ్మ. చివర జబ్బుల గురించి ఉంది. తలుపు ఇరుకైపోతే దానికి చికిత్స లేదు. రోగికి విశ్రాంతి ఇవ్వాలి. ఉప్పు తగ్గించాలి. మెట్లు, దూర ప్రయాణాలు, ఆందోళన కూడవు. జాగ్రత్తగా ఉంటే కొందరు కొన్నేళ్ళు ఉంటారు.

మూడుసార్లు చదివాను.

ఇది తెలుగులో రాస్తున్నాను. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా చదవడం వచ్చింది నా ఒక్కడికే. తిరుపతి బస్టాండులో కొన్న అక్షరాల పుస్తకంతో నేర్చుకున్నాను. ఈ నోటుబుక్కు బల్ల మీద ఉన్నా తాళం వేసినట్టే.

జూన్ 20

సాయంత్రం ముత్తు కళ్ళు మూసుకోలేదు. సరాసరి అడిగింది. "మామా, ఈ పొద్దు పుల్ల వద్దు. గుండె గురించి రాసుండేది చదువు."

చదివాను. బొమ్మ చూపించాను. నాలుగు గదులు, తలుపులు. ఆమె వేలితో తలుపులను ఒక్కొక్కటిగా తడిమింది.

"నాది యా తలుపు?"

చూపించాను.

"దానికేం రాసుండాది?"

"విశ్రాంతిగా ఉంటే కుదురుతుందని రాసుంది."

"కుదురుతుందా?"

"అట్లనే రాసుంది."

ఆ పేజీలో తనే ఒక పుల్ల పెట్టి పుస్తకం మూసింది.

జూన్ 25. విరుదునగర్.

అక్క ఇంటికి వెళ్ళాను. అక్క కూతుర్నే చేసుకున్నాను గనుక మాకు అత్తా అల్లుళ్ళ మర్యాదలు లేవు. సీనియమ్మాళ్ అక్క నన్ను చంకనెత్తుకుని పెంచింది. విషయం చెప్పాను.

"మదురైకి పోదాం తమ్ముడూ. నేను కూడ వస్తాను. బువ్వ కట్టుకొని పొద్దున బస్సుకు పోతే రాత్రికి తిరుక్కొని వచ్చేయొచ్చు."

"అక్కర్లేదు అక్కా. పుస్తకంలో చూశాను. విశ్రాంతి ఒక్కటే మందు. ప్రయాణం చేస్తే ఇంకా కష్టం."

"డాక్టరు పొమ్మన్నాడంటివే?"

"డాక్టర్లు అందరినీ మదురైకే పొమ్మంటారు."

చాలాసేపు నా ముఖం చూసింది. "సరి. నువ్వు సదువుకున్నోడివి. నాకేం తెలుసు."

నేను చెప్పింది సరైనదే. ఏమీ చేయలేనప్పుడు బస్సులోను, ఆసుపత్రి వరండాలోను ఆమెను తిప్పడం దేనికి. ఉన్నన్నాళ్ళు హాయిగా ఉండనివ్వాలి. అక్కకు అంతా చెప్పలేదు. చెప్పడం వల్ల ఎవరికీ మేలు లేదు.

జూలై 3

ఎండ బాగుంది. నీళ్ళు నేనే పట్టాను. మిద్దె మెట్లకు అడ్డంగా బల్ల పెట్టాను.

విషయం: వెనిస్.

జూలై 18

విషయం: సుమో కుస్తీ. ఏడో సంపుటం.

జపాన్‌లో కుస్తీకి దిగేముందు మల్లులు గుప్పిళ్ళతో ఉప్పు తీసి బరిలో చల్లుతారు. నేల శుద్ధి కావడానికి.

"అంత ఉప్పు మట్టిలో పోస్తారా! నాకు చారులో చిటికెడు వెయ్యవు, పాపిష్టి మామా. నన్ను జపాన్‌కు తీసకపో. ఆ మట్టన్నా నాక్కుంటాను."

ఆమె నవ్వించడానికే అంది. నేను కూడా నేటి నుంచి ఉప్పు మానేశాను. ఇద్దరికీ ఒకే చారు.

సెప్టెంబరు 2

శివకాశి నుంచి పెంగ్విన్ లేబుళ్ళు వచ్చాయి. అచ్చు వేసినవాడు పెంగ్విన్‌ను ఎప్పుడూ చూసి ఉండడు. ముక్కు పొడుగు చేసి, వెనక పచ్చటి కొబ్బరిచెట్టు పెట్టాడు.

ముదలాళి లేబులును దూరంగా పట్టుకుని చూశారు. "ఇది కాకి మాదిరి వుండాదే కణక్కయ్యా?"

"పెంగ్విన్ అండి."

"సరి, వుండనీ. బీహారుకు పోయే సరుకు. ఆడ ఎవుడు చూసినాడు?"

ఒక డబ్బా ఇంటికి తెచ్చాను. ముత్తు దాన్ని సామి పటం దగ్గర పెట్టింది. "కాళ్ళ మీద గుడ్డు యాడ?" అని అడిగింది. నిజమే. గుడ్డు వేయలేదు.

నవంబరు 11

వాన. చట్టాలు ఆరలేదు. ముత్తుకు దగ్గు.

1996 జనవరి 20

విషయం: ఈస్టర్ ద్వీపం. సముద్రం మధ్యలో ఒక దీవి, దాని మీద రాతి ముఖాలు. ఎవరు చెక్కారో, ఎలా నిలబెట్టారో పుస్తకం సరిగా చెప్పలేదు.

"యా పక్క చూస్తా వుండాయి?"

చాలామటుకు సముద్రానికి వీపు పెట్టి, ఊరి వైపు చూస్తుంటాయని చెప్పాను.

"పాపం, ఎవుడన్నా వస్తుంటే కూడ తెలీదే" అంది.

ఏప్రిల్ 8

పాదాలు వాచాయి. వేలితో నొక్కితే గుంట పడుతోంది. ఇక్కడి డాక్టరు దగ్గరికి వెళ్ళి మాత్రలు తెచ్చాను. మదురై వెళ్ళారా అని అడిగారు. వెళ్ళామన్నాను.

ఎందుకలా అన్నానో తెలియదు. ఆయన ఇంకేమీ అడగకుండా ఉండటానికే అయి ఉంటుంది.

ఏప్రిల్ 9

మదురైలో కూడా విశ్రాంతే చెప్పి ఉండేవారు. పుస్తకంలో అదే ఉంది.

జూన్ 2

రాత్రిళ్ళు చదునుగా పడుకోలేకపోతోంది. పడుకుంటే ఊపిరి ఆగిపోతోందట. తలవైపు ఎత్తుగా ఉండాలని పుస్తకంలో ఉంది. దిండ్లు చాలలేదు. పరుపు కింద సంపుటాలు పెట్టాను. ఒకటి, రెండు, ఆరు, ఏడు. నాలుగోది తీస్తుంటే చెయ్యి పట్టుకుంది.

"అది వద్దు మామా. దాన్ని బైట వుండనీ."

ఎందుకని అడగలేదు. మూడో సంపుటం పెట్టాను.

ఇక సాయంత్రాలకు మిగిలినవి నాలుగు, ఎనిమిది. ప్రపంచం చిన్నదైపోయిందని ముత్తు ఎగతాళి చేసింది.

సెప్టెంబరు 15

అక్క వచ్చి మా ఇంట్లోనే ఉంటోంది. పగలు చూసుకోవడానికి మనిషి ఉందని నాకు ధైర్యంగా ఉంది. అక్క నన్ను ఏమీ అడగదు. వంట చేస్తుంది, కాళ్ళు పడుతుంది, కూతురి జడ అల్లుతుంది. ఉప్పు లేని చారు తనూ తాగుతుంది.

అక్టోబరు 21

విషయం: అగ్నిపర్వతాలు. సగంలో నిద్రపోయింది.

నవంబరు 10

దీపావళి. వీధంతా టపాకాయలు. శబ్దానికి ఉలిక్కిపడకుండా అక్క ఆమె చెవుల మీద చేతులు పెట్టి కూర్చుంది.

సాయంత్రం ముత్తు ఎనిమిదో సంపుటం అడిగింది. పుల్ల గుచ్చడానికి వేళ్ళలో బలం లేదు. నేను ఆమె వేళ్ళ మీద వేళ్ళు పెట్టి గుచ్చాను. జీబ్రా వచ్చింది. ఒక్కో జీబ్రా చారలు ఒక్కో రకంగా ఉంటాయని చెప్పాను.

"తల్లికి బిడ్డ తెలిసిపోతుందా, అంతమందిలో?"

"తెలుస్తుంది."

"రాసుండాదా?"

రాసి లేదు. రాసుందన్నాను.

నవంబరు 14

ముత్తులక్ష్మి.

నవంబరు 15

ఎండ బాగుంది.

డిసెంబరు 1

పరుపు కింద నుంచి సంపుటాలు తీశాను. ఏడూ గోనెసంచిలో పెట్టి, కుట్టి, అటక మీద వేశాను. అక్క విరుదునగర్ వెళ్ళిపోయింది. బస్సెక్కుతూ, "నువ్వు చేసినంత ఎవుడూ చెయ్యడు తమ్ముడూ. ఆడమనిషి కూడ చెయ్యదు" అంది.

1997 మే 30

ఎండ బాగుంది.

1998 ఆగస్టు 4

పెంగ్విన్ లేబులు ఆపేశారు. బీహారులో పులి బొమ్మే అడుగుతున్నారట.

1999 నవంబరు 14

ఫ్యాక్టరీకి వెళ్ళాను. వచ్చాను.

2001 ఫిబ్రవరి 6

ఇవాళ పుల్లల హాలులో ఇసక్కిసెల్వి పడిపోయింది. ఇరవై ఆరేళ్ళుంటాయి, వాగుడుకాయ. చట్టం మీదికే వాలిపోయింది. పెదవులు నీలంగా ఉన్నాయి. నీళ్ళు చల్లారు. లేచి గోడకు ఆనుకుని కూర్చుంది. ఆ కూర్చోవడం, ఒక చెయ్యి నేలకు ఆన్చి, మెడ ముందుకు చాచి ఊపిరి వెతుక్కోవడం నాకు తెలుసు.

కోవిల్పట్టి డాక్టరు మదురైకి చీటీ రాశారు. ముదలాళి నన్ను పిలిచారు. "ఫ్యాక్టరీ వ్యానులో నువ్వు తోడు పో కణక్కయ్యా. ఆడ ఇంగ్లీషు మాట్లాడను నువ్వే సరి."

చీటీ చూశాను. అదే మాట.

ఫిబ్రవరి 7. మదురై.

పొద్దున ఆరున్నరకు బయలుదేరాం. సాత్తూరులో టీ. తొమ్మిదికి చేరాం. రెండున్నర గంటలు.

చేర్చుకున్నారు. ఆమె తల్లి దగ్గర ఉంది. నేను వ్యానులో తిరిగి వచ్చాను. పాపం, ఎంత తిప్పుతారో. విశ్రాంతి ఇమ్మని పంపేస్తారు.

ఫిబ్రవరి 26

ఇసక్కిసెల్వి ఫ్యాక్టరీకి వచ్చింది. పనిలోకి కాదు, కనిపించి పోవడానికి. గేటు నుంచి నా బల్ల దాకా వేగంగా నడిచి వచ్చింది. పెదవులు ఎర్రగా ఉన్నాయి.

"అన్నే, కోత లేదు, కుట్టు లేదు! తొడ కాడ చిన్న తూటు పెట్టి దారం మాదిరి ఒకటి లోపలికి పంపినారు. దాని కొసన బెలూనంట. తిరునాళ్ళలో అమ్మేది గాదు, వేరే. తలుపు కాడ దాన్ని ఊదితే తెరుచుకొనిందంట. మూడో దినం నేను మెట్లెక్కినాను! రెండు మిద్దెలు!"

ఆమె పక్కన పుల్లలు పేర్చే తంగం అంది: "నీ నోరు కూడ ఊదినట్టుండారే. ముందుకన్నా పెద్దదయ్యింది."

అందరూ నవ్వారు. నేను చట్టాల లెక్క రాస్తున్నాను. ఏ గడిలో ఏ అంకె రాశానో తరువాత చూస్తే తెలియలేదు. దిద్దాను.

ఫిబ్రవరి 27

ఇది కొత్తగా వచ్చిన పద్ధతి అయి ఉంటుంది. ఈ ఒకటి రెండేళ్ళలో వచ్చి ఉంటుంది.

మార్చి 1

కొత్తగా వచ్చినదే అయి ఉంటుంది.

మార్చి 13. మదురై.

ఇసక్కిసెల్విని మళ్ళీ చూపించాలి. ఆమె తల్లికి జ్వరమని, తోడు నేనే వెళతానన్నాను. నేనే అడిగి వెళ్ళడం చూసి ముదలాళి ఆశ్చర్యపోయారు.

డాక్టరు చిన్న వయసువాడు. ఆమెను పరీక్షించి బాగుందన్నాడు. మాత్రల పేర్లు నాతో చెప్పాడు. "ఏదైనా అడగాలా?" అన్నాడు.

వెనక ఇరవై మంది ఉన్నారు. లేచి నిలబడ్డాను. తమిళంలోనే అడిగాను. ఈ వైద్యం ఎప్పటి నుంచి ఉందని.

"బెలూనా? అది కొన్నేళ్ళుగా ఉంది. అంతకుముందు ఆపరేషను చేసేవాళ్ళు. మా ప్రొఫెసరుగారి ప్రొఫెసరు చేసేవారు. యాభైల నుంచీ ఉంది." తరువాత నా ముఖం చూసి, "ఎందుకడుగుతున్నారు? ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?" అన్నాడు.

లేదన్నాను.

తిరుగు ప్రయాణంలో బస్సు విరుదునగర్‌లో పది నిమిషాలు ఆగింది. అక్క ఇల్లు బస్టాండుకు దగ్గరే. దిగలేదు. ఇసక్కిసెల్వి వేరుశనగలు కొని నాకు సగం ఇచ్చింది. కోవిల్పట్టి దాకా చేతిలోనే పెట్టుకున్నాను.

మార్చి 14

ఎవరెస్టు 1953. మైలు పరుగు 1954. అవన్నీ నేను దిద్దాను. దేశాలు మారతాయని, మనుషులు కొండలు ఎక్కుతారని, పరుగెత్తుతారని వెతికి వెతికి దిద్దాను. గుండె పేజీకి వచ్చేసరికి దిద్దవలసినది ఉంటుందని నాకు తట్టలేదు. గుండె ఎప్పుడూ గుండేగా, దాంట్లో మారేదేముంది అనుకున్నాను.

మార్చి 15

నిన్న రాసింది పూర్తిగా నిజం కాదు.

డాక్టరు మదురై అన్నారు. అక్క మదురై అంది. డాక్టరు రెండోసారి అడిగితే వెళ్ళామని చెప్పాను. తట్టనివాడు అబద్ధం చెప్పడు. పుస్తకం వద్దన్నందుకు వెళ్ళలేదని ఆరేళ్ళుగా రాసుకుంటున్నాను. మదురైలో ఒక వరసలో నిలబడి, తెలియనివారిని తెలియని మాటలు అడగవలసి వస్తుందని భయపడ్డాను. పుస్తకం దగ్గర అడగనక్కర్లేదు. విప్పితే చెబుతుంది. తెలియదని నా ముఖం చూసి ఎవరూ అనుకోరు.

పోయేనాటికి ముత్తుకు ముప్పయ్యేళ్ళు. నా సిగ్గు ఖరీదు అది.

మార్చి 25

విరుదునగర్ వెళ్ళలేదు.

ఏప్రిల్ 1

వెళ్ళలేదు.

ఏప్రిల్ 8. విరుదునగర్.

అక్క గడపలో కూర్చుని మినుములు చెరుగుతోంది. "యామి తమ్ముడూ, ఇట్ల చిక్కిపోతివి? వండుకొని తింటా వుండావా, లేదా?" అంది. పక్కింటి చెల్లమ్మాళ్‌కు నన్ను చూపించి, "మా తమ్ముడు. ఏడు పుస్తకాలు సదివినాడు. లోకంలో యాదైనా అడుగు, చెప్తాడు" అంది.

"అట్లనా? మంచిది" అని చెల్లమ్మాళ్ నాకు చేతులు జోడించింది.

ఆమె వెళ్ళాక చెప్పాను. అక్క చేటలోకి చూస్తూ విన్నది. ఇసక్కిసెల్వి సంగతి చెప్పాను. బెలూను చెప్పాను. యాభైల నుంచీ ఆపరేషను ఉందని చెప్పాను. పుస్తకంలో చికిత్స లేదని ఉందని, అది ముత్తుకు గాని తనకు గాని చెప్పలేదని చెప్పాను. డాక్టరుతో వెళ్ళామని అబద్ధమాడానని చెప్పాను. ఒక్క మాట దాచలేదు. నా జన్మలో ఒకేసారి అంత మాట్లాడి ఎరగను.

మినుముల్లో రాళ్ళు ఏరుతూనే ఉంది. ఏరడానికి రాళ్ళు లేవు.

"నేను చెప్తినే" అంది.

"చెప్తివి అక్కా."

"బువ్వ కట్టుకొని పోదామంటినే."

"అంటివి."

"ఆ పుస్తకం యా ఏటిది?" అంది.

"నలభై ఎనిమిది."

"నా ఈడుది." చేట పక్కన పెట్టి మోకాళ్ళు రెండు చేతులతో పట్టుకుంది. "నా ఈడుదాన్ని నమ్మినావు గానీ, నన్ను నమ్మలేదే."

లేచి వెళ్ళిపొమ్మంటుందని చూశాను. కొడుతుందేమో అనుకున్నాను. కొడితే బాగుండును. ఆమె లేచి లోపలికి పోయింది. గిన్నెల చప్పుడు వినిపించింది. తిరిగి వచ్చినప్పుడు కళ్ళు తుడుచుకుని ఉంది. ఆకు వేసింది. మూలన ఉప్పు పెట్టింది.

నేను ఉప్పు వేసుకోనని అక్కకు తెలుసు.

"వేసుకో. ఉప్పు మానుకొంటే అది తిరుక్కొని వస్తుందా?"

వేసుకున్నాను. అయిదేళ్ళ పైన అయింది. నోరు మండింది.

వడ్డిస్తూ అడిగింది. "దానికి కడదాకా తెలీదా? చికిత్స లేదని రాసుండేది?"

"తెలియదు. కుదురుతుందని రాసుందని చెప్పాను."

"ఆమా. అందుకే గదా మొక్కతా వుండె."

"దేనికి?"

అక్క నా వైపు వింతగా చూసింది. "ఆ పుస్తకానికి. దినమూ నువ్వు ఫ్యాక్టరీకి పోయినంక బొట్టు పెట్టి మొక్కతా వుండె. లేవలేనప్పుడు నన్ను అందియ్యమనె. 'మా మామ చూసినాడమ్మా, దీంట్లో నాకు బాగయిపోతుందని రాసుండాది' అనె. నీకు తెలీదా?"

తెలియదన్నాను.

ఏప్రిల్ 9. కోవిల్పట్టి.

విషయం: గుండె. నాలుగో సంపుటం.

అటక మీది నుంచి గోనెసంచి దించి కుట్టు విప్పాను. నాలుగో సంపుటం అంచున పుల్ల ఉంది. ఆమె పెట్టిన పుల్ల. చదవడం రానిది పేజీ తప్పిపోకుండా పెట్టుకున్న గుర్తు.

బొమ్మ కనిపించడం లేదు. నాలుగు గదుల మీదా, తలుపుల మీదా కుంకుమ. చోటు చాలక కింది వరుసల మీదికి, అక్కడి నుంచి మార్జిన్‌లోకి దిగాయి బొట్లు. కొన్ని గుండ్రంగా ఉన్నాయి. చివరివి చెయ్యి వణికి సాగిపోయాయి. నూట పన్నెండు దాకా లెక్కపెట్టాను. తరువాత ఒకదాని మీద ఒకటి పడి లెక్క అందలేదు.

చికిత్స లేదన్న వాక్యం ఎక్కడుందో నాకు తెలుసు గనుక వెతికాను. బొట్లు అన్నిటికన్నా దట్టంగా పడింది దాని మీదే. బొమ్మకు సరిగ్గా కిందిది అదే వరస.

ఎర్ర ఇంకు పెన్ను తీసుకున్నాను. మార్జిన్లో చోటు లేదు. బొట్లకు తగలకుండా పేజీ అడుగున, కాగితం చివర రాశాను. చికిత్స ఉంది. మదురైలో. కోవిల్పట్టి నుంచి బస్సులో రెండున్నర గంటలు.

దిద్దుబాటు పక్కన సంవత్సరం వేయడం నా అలవాటు. డాక్టరు చెప్పిన యాభైలు వేయాలా, ఇసక్కిసెల్వి నడిచి వచ్చిన ఏడాది వేయాలా అని పెన్ను పట్టుకుని కూర్చున్నాను.

1995 అని వేశాను.